వార్తల్లో పదం: ఎర్ర ఈస్ట్ బియ్యం

మొనాస్కస్ అనే బూజుతో పులియబెట్టి ఎరుపెక్కించిన బియ్యమిది. చైనా సంప్రదాయ వైద్యంలో జీర్ణశక్తికి, రక్తప్రసరణకు వాడే ఈ మందును నేడు కొలెస్ట్రాల్ తగ్గించడానికీ ఇస్తున్నారు. ఇందులోని మొనాకోలిన్-కె, లోవాస్టాటిన్ అనే స్టాటిన్ రకం కొలెస్ట్రాల్ మాత్రలోని మందు ఒకటే. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమును అది అడ్డుకుంటుంది. కండరాల నొప్పి, కాలేయ సమస్యల ముప్పు కూడా ఆ మాత్రతో ఉన్నలాంటిదే. 2024లో జపాన్‌లో ఈ రకం మాత్రలు వాడిన పలువురికి కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఆయుర్వేదంలో దీనికి సాటి గుగ్గులు. కొవ్వు తగ్గించే మందుగా దాన్ని సుశ్రుత సంహిత పేర్కొంది. అయితే 2003లో వెలువడిన అమెరికా పరీక్షలో గుగ్గులుతో చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కాస్త పెరిగింది. స్టాటిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఎర్ర ఈస్ట్ మాత్రలు వేసుకోకూడదు.