ఫేస్‌బుక్కు రూపాంతరములు: ఉపయోగించువారి దృష్టి

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నివసించుచున్న మనవారు కలిసికొను తావులు ఒకప్పుడు గుడి, బడి, సంత, పెండ్లిపందిరి. ఇప్పుడు వానికి తోడు చేతి ఫోనులో కూడు తావు మరియొకటి యేర్పడినది. హోసూరు ప్రాంతమున తెలుగు చదివి ఉద్యోగార్థము బెంగుళూరునకో, ముంబయికో వెడలినవారు తమ ఊరివారితో మాతృభాషలో నాలుగు మాటలు వ్రాసికొనుచున్నది అచ్చటనే. కావున ఆ తావుల అమరిక మారినప్పుడు కలుగు లాభనష్టములను మనము తెలిసికొనుట అవసరము. ఉదాహరణమునకు ఫేస్‌బుక్కును గ్రహింతము.

ఇది 2004 ఫిబ్రవరిలో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థుల కొఱకు ప్రారంభింపబడినది. తొలుత ఒక మిత్రుని విశేషములు తెలియవలెనన్న ఆతని పుటకు పోయి చూడవలసియుండెను. 2006 సెప్టెంబరు 5వ తేదీన ‘న్యూస్ ఫీడ్’ అను ఏర్పాటు వచ్చినది. అంతట మిత్రులందఱి విశేషములును ఒకే పుటలో వరుసగా కనబడసాగినవి. క్రొత్తగా బయటపడిన రహస్యమేదియు లేదు. అవియన్నియు మిత్రులు అంతకుమున్ను చూడగలిగినవే. అయినను అరుగుమీద మెల్లగా చెప్పిన మాటను ఎవరో దండోరా వేయించినట్లు జనులకు తోచినది. లక్షలమంది నిరసన తెలిపిరి. స్థాపకులలో నొకరైన మార్క్ జుకర్‌బర్గ్ కొలది దినములలోనే క్షమాపణ చెప్పి, తమ విశేషములలో ఏవి ఆ వరుసకెక్కవలెనో నిర్ణయించుకొను వీలును సభ్యులకు కల్పించెను. వరుస మాత్రము తొలగలేదు. ఆ నిరసనవార్త అంత వేగముగా ప్రాకుటకు ఆ వరుసయే సాధనమగుట గమనింపదగినది.

రూపము మారుట యనగా రంగులును, బొత్తాములును మారుట మాత్రమే యని తలంపరాదు. ఎవరి మాట ఎవరి కంటబడునో నిర్ణయించునది అమరికయే. 2009 అక్టోబరులో కాలక్రమమునకు మారుగా, యంత్రము ముఖ్యమని యెంచిన వ్రాతలు ముందు కనబడు పద్ధతి న్యూస్ ఫీడునకు వచ్చినది. ఉగాది సభ ప్రకటన ఉగాది గడచిన పిదప కంటబడుట ఇట్టి వరుస యొక్క ఫలమే. 2011లో ప్రాత గ్రూపులను క్రొత్త పద్ధతిలోనికి మార్చినప్పుడు, ముందుగా ఆ మార్పు పొందని గ్రూపులలో వ్రాతలు నిలిచినవి గాని సభ్యులు నిలువలేదు. వారిని మరల చేర్చుకొనవలసివచ్చినది. ఊరు మిగిలి, జనము చెదరినట్లయినది.

మార్పులన్నియు చెడ్డవని చెప్పుట నా యుద్దేశము కాదు. 2011 సెప్టెంబరులో ప్రకటింపబడిన ‘టైమ్‌లైన్’ వలన ఏ సంవత్సరపు వ్రాతను ఆ సంవత్సరమున వెదకుట సులభమైనది. మఱచిపోయిన వ్రాతలు పైకి వచ్చునను భయము కొందఱికి కలిగినను, తమ పుటను సరిచూచుకొనుటకు ఏడు దినముల గడువీయబడినది.

ఇక మా అనుభవము. మా పాఠశాల పూర్వవిద్యార్థులు వేఱొక వెబ్‌సైటులో ఒక కూటమి నడపిరి. అందు విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఈ ప్రాంతపు పలుకుబడులను, పెండ్లిపాటలను వ్రాయుచుండిరి. ఆయన గతించిన మఱుసటి యేడు ఆ వెబ్‌సైటు రూపము మారినది. ఆయన వ్రాతలకు పోవు దారి మాకు కనబడలేదు. వారము దినములు వెదకగా సగము దొరకినవి. వానిని నోటుపుస్తకమున ఎక్కించితిని. తక్కిన సగమును మరల చెప్పుటకు ఆయన లేరు.

తప్పు వెబ్‌సైటుదే యనలేను. అద్దెయింట ధాన్యము పోసినవారు తాళము తమదికాదని మఱవరాదు. మనదేశమున ఒకప్పుడు మిక్కిలి ప్రచారము పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30వ తేదీన మూతపడినదని జ్ఞప్తియందుంచుకొనవలెను. మన వ్రాతలకు ప్రతి తీసికొను వీలు ఫేస్‌బుక్కులో 2010 నుండియు కలదు. అయినను అది ఎవరి వ్రాతలు వారికే ఇచ్చును. గ్రూపులో పదుగురు వ్రాసినది ఒక్కరికి రాదు. కావున ప్రతి సంఘమును ఏటికొకసారి సభ్యుల వ్రాతలను వారి యనుమతితో సేకరించి, సభ్యుల పట్టికతోడ కాగితముపై అచ్చొత్తించి, బడి గ్రంథాలయమున నొకటి, సంఘ కార్యాలయమున నొకటి ఉంచుట మేలు. ఫోనులో మాటలాడుకొనుట మానవలదు. మన సొత్తును మాత్రము మన యింట దాచుకొందము.