తినేవాడికి వోచరు, మరి పెంచేవాడికి?

అర్ధరాత్రి దాటాక సింగపూర్‌లో సందడంతా జురాంగ్ ఫిషరీ పోర్ట్‌దే. రెండు గంటలకల్లా మలేసియా నంబర్ల లారీలు బారులు తీరతాయి. కాళ్ల కింద ఐసు నీళ్లు పారుతుంటే టోకు వ్యాపారులు థర్మాకోల్ పెట్టెల మూతలు తీసి, చేప మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే సరుకు తాజా, లేదంటే బేరం పక్క పెట్టెకు పోతుంది. తెల్లారేసరికి అదంతా బజార్లకు చేరుతుంది. లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌లో పండుగప్ప ముక్కలు కొట్టించుకునే తెలుగువాళ్ల సంచుల్లోకీ అందులో కొంత వెళుతుంది. అయితే ఇన్ని పెట్టెల్లో సింగపూర్ నీళ్లలో పెరిగిన చేపను వెతకాలంటే ఓపిక కావాలి. 2024లో ఈ దేశం తిన్న చేపలు, రొయ్యల్లో సొంత ఉత్పత్తి 6 శాతమే.

నలువైపులా సముద్రం ఉన్న ద్వీపానికి ఈ పరిస్థితి ఎలా వచ్చింది?

ఒకప్పుడు ఇక్కడా జాలరి పల్లెలుండేవి. సముద్రంలో గుంజలు పాతి, మధ్యలో వల దించి, రాత్రిపూట దీపాల వెలుగుకు చేపల్ని రప్పించి పట్టే ‘కెలాంగ్’లుండేవి. దక్షిణాన పులావ్ సెమకావ్ అనే దీవిలో ‘ఒరాంగ్ లావుత్’ అనే సముద్ర జాతివాళ్లు తరాలుగా వేట మీదే బతికారు. 1970ల్లో ప్రభుత్వం వాళ్లను ఖాళీ చేయించి ప్రధాన ద్వీపంలోని బహుళ అంతస్తుల ఫ్లాట్లకు తరలించింది. నల్లా నీళ్లు, కరెంటు, బడి, ఆసుపత్రి అన్నీ దొరికాయి. వలేసుకునే తీరం మాత్రం గడప దగ్గర లేకుండా పోయింది. 1999లో ఆ దీవి దేశం మొత్తానికీ చెత్త బూడిద పోసే చోటయింది. ఆ తర్వాత దాని పక్క నీళ్లలోనే బారాముండి ఏషియా అనే కంపెనీ పండుగప్ప పంజరాలు దించింది. చేపలకు వైరస్ సోకడంతో 2023లో సింగపూర్‌లో సాగు ఆపేసింది. సింగపూర్ చేపల కథ తెలియాలంటే ఈ ఒక్క దీవి చరిత్ర చాలు.

ఆహారం విషయంలో ఈ దేశానికి భయం ఎప్పుడూ ఉంది. తినేదాంట్లో 90 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. అందుకే బియ్యం దిగుమతిదారులు రెండు నెలల సరుకు ఎప్పుడూ నిల్వ ఉంచి తీరాలన్న నిబంధన ఉంది. 2022 జూన్‌లో మలేసియా కోళ్ల ఎగుమతి ఆపేసినప్పుడు ఈ భయం వీధిలోకి వచ్చింది. చికెన్ రైస్ జాతీయ వంటకంలా చలామణీ అయ్యే ఊళ్లో, మూడో వంతు కోళ్లను పంపే పొరుగు దేశమే ఒక్కసారిగా తలుపు వేసేసింది.

అంతకు మూడేళ్ల ముందే, 2019లో, ‘2030 నాటికి 30 శాతం’ అన్న నినాదం పుట్టింది. దేశానికి కావలసిన పోషకాహారంలో 30 శాతాన్ని ఇక్కడే పండించగలగాలన్నది సంకల్పం. అదే ఏడాది సింగపూర్ ఫుడ్ ఏజెన్సీ ఏర్పడింది. 2021లో రైతుల కోసం 6 కోట్ల సింగపూర్ డాలర్ల నిధి పెట్టారు. యంత్రాలు, నీటి శుద్ధి, మూసివున్న ట్యాంకులు వంటి వాటి ఖర్చులో కొంత ప్రభుత్వం భరించేలా, మిగతాది రైతు పెట్టుకునేలా ఏర్పాటు చేశారు. చిక్కంతా అక్కడే ఉంది. సింగపూర్‌కూ మలేసియాకూ మధ్యనున్న జొహోర్ జలసంధిలో చెక్క తెప్పల మీద వలపంజరాలు కట్టుకున్న చిన్న రైతుకు ముందు కావలసింది కొత్త యంత్రం కాదు, చేపలు తేలిన ఏడాది ఇల్లు గడిచే దారి.

చేపలు తేలడమంటే ఏమిటో గోదావరి జిల్లాల ఆక్వా రైతుకు చెప్పక్కర్లేదు. జొహోర్ జలసంధిలో 2014లో ఆ పని చేసింది విపరీతంగా పెరిగిన సూక్ష్మ నాచు. 39 ఫామ్‌లలో దాదాపు 160 టన్నుల చేపలు చచ్చాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి చివర్లో, చైనా నూతన సంవత్సర పండగ అయీ కాకముందే, మళ్లీ అదే జరిగింది. నష్టం 500 నుంచి 600 టన్నులు. చెరువైతే నీళ్లు మార్చొచ్చు, సముద్రాన్ని మార్చేదెలా? పంజరంలోని చేప పారిపోలేదు. ఏరేటర్లు తిప్పడం, వల చుట్టూ పట్టా కట్టడం తప్ప ఇంకో మార్గం లేదు. ఏళ్ల తరబడి మేత పోసి పెంచిన చేప ఒక్క రాత్రిలో వెల్లకిలా తేలింది.

ఇక్కడ ఆంధ్ర తీరం గుర్తుకొస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం కాబట్టి చేపకు విరామం, దాంతో జాలరికీ తప్పని విరామం. ఆ రెండు నెలలు పొయ్యి వెలగడానికి ఒకప్పుడు 4 వేల రూపాయలిచ్చేవారు. 2019లో మత్స్యకార భరోసా పేరుతో అది 10 వేలయింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ‘మత్స్యకారుల సేవలో’ పథకం మొదలై 20 వేలకు చేరింది. లబ్ధిదారులు సుమారు 1.29 లక్షల కుటుంబాలు. అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. ఆ జిల్లా జాలర్లు ఇప్పటికీ గుజరాత్‌లోని వెరావల్ దాకా కూలికి పోతున్నారు. అలా పోయినవాళ్లే 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. అయినా వేట లేని రోజులకు వెల కట్టాలన్న ఒప్పుకోలు ఆ పథకంలో ఉంది.

సింగపూర్ మాత్రం సాయాన్ని తినేవాడి వైపు నుంచి అందించింది. 2025లో పౌరులున్న ప్రతి ఇంటికీ రెండు విడతల్లో 800 సింగపూర్ డాలర్ల సీడీసీ (సమాజాభివృద్ధి మండలి) వోచర్లు ఇచ్చింది. మన లెక్కలో 50 వేల రూపాయల పైమాటే. సగం సూపర్‌మార్కెట్లలో, సగం హాకర్ సెంటర్లలో, వీధి దుకాణాల్లో వాడుకోవాలి. సంపన్నుడికీ పేదకూ ఒకే మొత్తమన్న విమర్శ పక్కన పెడితే, ధరలు మండుతున్నప్పుడు ఇది నేరుగా కంచానికి అందే సాయం. కాకపోతే భవనాలు కట్టే మన తెలుగు కూలీకి గానీ, చేపల తెప్ప మీద పనిచేసే విదేశీ కూలీకి గానీ ఆ వోచరు రాదు. ఆ చేప పెంచిన రైతుకు కూడా పౌరుడిగా వస్తుందే తప్ప రైతుగా రాదు.

ఇంతలో ఫామ్‌లు తరుగుతున్నాయి. వందకు పైగా ఉన్న సముద్రపు ఫామ్‌లు 2023 నాటికి వంద లోపుకు దిగాయి. ఎనిమిది అంతస్తుల చేపల భవనం కట్టిన అపోలో ఆక్వాకల్చర్ కూడా అప్పుల్లో చిక్కుకుంది. అంటే యంత్రం ఉన్నవాడూ నిలవలేదు.

2025 నవంబర్‌లో ప్రభుత్వం ఆ పాత నినాదాన్ని పక్కన పెట్టింది. 2035 నాటికి పీచు పదార్థాల్లో 20 శాతం, మాంసకృత్తుల్లో 30 శాతం అన్నది కొత్త మాట. ఇందులో చిన్న మెలిక ఉంది. మాంసకృత్తుల ఖాతాలో గుడ్లనూ చేపలనూ కలిపేశారు. గుడ్లలో స్థానిక వాటా 2024లోనే 34 శాతం. కోళ్ల ఫారాలు ఇంకాస్త పెరిగితే చేపల వాటా ఉన్నచోటే ఉన్నా లెక్క తేలిపోవచ్చు. అప్పుడు జొహోర్ జలసంధిలోని పులావ్ ఉబిన్ దీవి పక్క నీళ్లలో పంజరాలు నడిపేవాళ్లు ఎంతమంది మిగిలారని అడగాల్సిన అవసరం కూడా అధికారులకు రాదు.