పొరలు విప్పకుండానే లోతు చూపే సూక్ష్మదర్శిని

మన సరిహద్దు పల్లెలవారికి బెంగళూరు కాటన్‌పేట కొత్త కాదు. మెజెస్టిక్‌లో బస్సు దిగి, పెద్దలను కంటి పరీక్షకై మింటో ఆసుపత్రికి తీసుకువెళ్లేవారు ఆ వీధుల మీదుగా నడవడం కద్దు.

కంటి వైద్యులు అవసరాన్ని బట్టి రోగి చేతి నరంలోకి ఫ్లోరెసిన్ అనే రంగు ఎక్కించి, కంటిలోకి నీలికాంతి ప్రసరింపజేస్తారు. నెత్తురులో కలిసిన ఆ రంగు ఆకుపచ్చగా వెలిగి, కంటి వెనుక పొరలోని రక్తనాళాలను చూపుతుంది. ఒక రంగు కాంతిని గ్రహించి వేరొక రంగు కాంతిని వెలువరించే ఈ గుణమే ప్రతిదీప్తి. జీవకణాల భాగాలకు ఇటువంటి రంగులు పట్టించి సూక్ష్మదర్శినిలో పరిశీలించడం శాస్త్రజ్ఞుల పద్ధతి.

అయితే కణానికి లోతు ఉంది. సూక్ష్మదర్శిని ఒక్కసారికి ఒక్క పొరనే స్పష్టంగా చూపుతుంది. అంగడిలో చీరల దొంతరను ఒక్కొక్కటిగా తీసి చూసినట్లు, పొర తరువాత పొరను చిత్రించవలసి వస్తుంది. ఈలోగా సజీవకణం కదలిపోతుంది. ఎక్కువసేపు వెలుగు సోకితే రంగు వెలిసిపోతుంది, కణానికీ హాని కలుగుతుంది. అందువల్లనే వేగం అవసరమైనది.

ఇందుకు హోలోగ్రఫీ తోడ్పడుతున్నది. చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు కలిసే చోట చారలు ఏర్పడతాయి కదా! కాంతి తరంగాలు కలిసినా అంతే. ఆ చారలలో వస్తువు ఎంత దూరాన ఉన్నదో కూడా నమోదవుతుంది. ఈ సూత్రాన్ని 1948లో ప్రకటించిన డెన్నిస్ గాబర్‌కు 1971లో నోబెల్ బహుమతి లభించింది.

కాని ప్రతిదీప్తి కాంతి లేజరు కాంతివలె క్రమబద్ధమైనది కాదు. ఒక బిందువు వెలుగుకు మరొక బిందువు వెలుగుతో పొత్తు కుదరదు. 2007లో జోసెఫ్ రోసెన్, గ్యారీ బ్రూకర్ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయం చూపారు. ప్రతి బిందువు వెలుగునే రెండుగా చీల్చి, తిరిగి దానితో దానినే కలిపారు. అప్పుడు ఏర్పడే వలయాలను బట్టి ఆ బిందువు లోతు తెలుస్తుంది. మూడు చిత్రాలు తీస్తే చాలు, అన్ని పొరలనూ కంప్యూటర్ లెక్కగట్టి చూపుతుంది. ‘ఫించ్’ అనే ఈ పద్ధతితో 2008లో వారు పుప్పొడి రేణువులను, పరికరంలో ఏ భాగమూ కదలకుండానే, మూడు కొలతలలో చిత్రించారు.

లోపం లేకపోలేదు. వెలిగే బిందువులు దట్టంగా ఉంటే వలయాలు ఒకదానిపై ఒకటి పడి చిత్రం మసకబారుతుంది. కనుక ఇది ప్రధానంగా పరిశోధనశాలల సాధనమే.

బడిలో సూక్ష్మదర్శిని కింద పలుచని ఉల్లిపొరనే ఎందుకు పెడతారని పిల్లలు అడిగితే, మందమైన ముక్కలో లోపలి పొరలు కలగాపులగంగా కనబడతాయని చెప్పండి. కోయకుండా, చంపకుండా జీవకణాన్ని సమగ్రంగా చూడాలన్న తపనే ఈ విద్యకు మూలమని కూడా చెప్పండి.