అరచేతిలో ఇమిడే యుద్ధవిమానం

అట్టపెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ విమానాన్ని అతికించి బొమ్మ చేసుకోవడం మగపిల్లల సరదా అని మనలో చాలామంది అభిప్రాయం. పెట్టె మీద బొమ్మలు కూడా ఆ మాటే చెబుతాయి. నన్నడిగితే ముగ్గుపిండి పట్టిన వేళ్ళకీ, చీర అంచుకి ఫాల్ కుట్టిన వేళ్ళకీ ఇంతకన్నా తగిన పని ఇంకోటి లేదు. ఓపిక, కొలత, శుభ్రత. ఇందులో కావలసినవి ఈ మూడే. ఇవి మనకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు కదా!

ముందు ఆ ముక్కల సంగతి చెబుతాను. ఈ రంగంలో ఎక్కువమందికి తెలిసిన పేరు ఎయిర్‌ఫిక్స్. నికొలస్ కోవ్ అనే హంగేరీ దేశస్థుడు 1939లో ఇంగ్లండులో మొదలుపెట్టిన కంపెనీ అది. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు చేశారు, తర్వాత దువ్వెనలు చేశారు. అవును, తల దువ్వుకునే దువ్వెనలే! ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోసే యంత్రం ఎలాగూ ఉంది కాబట్టి దానితోనే ట్రాక్టరు, ఓడ, 1953లో స్పిట్‌ఫైర్ విమానం బొమ్మ వచ్చాయి. ఆ తర్వాత బ్రిటన్ తయారు చేసిన జెట్ విమానాలు హంటర్, కాన్‌బెర్రా, వాంపైర్, హారియర్ అన్నీ పెట్టెల్లోకి చేరాయి. వీటిలో చాలా వాటికి 72వ వంతు కొలత. అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. ఈ లెక్క ఒకసారి మనసులో పడిందంటే ఏ వస్తువును చూసినా 72తో భాగించాలనిపిస్తుంది. మా ఇంటి పెరటి తలుపు అంగుళం పైన కొద్దిగా ఉంటుంది!

మా ఇంటికి ఈ వ్యవహారం బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా ఆడపడుచు సూట్‌కేసులో వచ్చింది. మా అబ్బాయికని ఎర్రరంగు నాట్ విమానం పెట్టె తెచ్చింది. బ్రిటిష్ వైమానిక దళం తాలూకు రెడ్ యారోస్ విన్యాస బృందం 1965 నుంచి 1979 వరకు నడిపిన విమానం అది. వాడు నాలుగు ముక్కలు విరిచి, అంతలో క్రికెట్‌కి పోయాడు. ఆ పెట్టె మూత చూసింది మా నాన్న.

నాన్న డెబ్భై ఆరేళ్ళవారు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. పదిహేడో ఏట ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా నాట్ విమానాల మీదే పనిచేశారు. ఆ తర్వాత బ్యాంకులో చేరి రిటైరయ్యారు. మాకు తెలిసిన నాన్న బ్యాంకు నాన్నే. ఎయిర్‌ఫోర్స్ కబుర్లు ఏనాడూ చెప్పిన మనిషి కాదు. ఆ రోజు పెట్టె మూత వెలుతురుకి పట్టి చూసి, "ఇది మా నాట్ కాదమ్మా. ఇది రెండు సీట్లది. మాది ఒక్క సీటు" అని మూత పక్కన పెట్టేశారు. అంతే. ఇంకో మాట లేదు.

నేను ఆ రాత్రి కూర్చుని చదివితే నాన్న మాట అక్షరాలా నిజం. నాట్ అంటే ఇంగ్లీషులో చిన్న దోమలాంటి పురుగు. డబ్ల్యూ.ఇ.డబ్ల్యూ. పెటర్ అనే ఇంజనీరు దీన్ని రూపొందించాడు. కాన్‌బెర్రా కూడా ఆయన చేతి చలవే. యుద్ధవిమానాలు ఏటేటా బరువెక్కుతున్నాయి, ఖర్చు పెరిగిపోతోంది, చిన్నది చేస్తే ఏం అన్నది ఆయన పట్టుదల. 1955లో నాట్ మొదటిసారి ఎగిరింది. ఖాళీ బరువు హంటర్ బరువులో సుమారు మూడో వంతు. తమాషా ఏమిటంటే ఆ ఒంటిసీటు ఫైటర్‌ని బ్రిటన్ తన దళంలోకి తీసుకోలేదు. శిక్షణ కోసం దాన్నే సాగదీసి రెండు సీట్లది చేయించుకుంది. ఫైటర్‌ని అక్కున చేర్చుకున్నది మనం. 1956లో ఒప్పందం కుదిరింది. కొన్ని పూర్తి విమానాలుగా, కొన్ని విడిభాగాలుగా వస్తే బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు బిగించారు, ఆపైన వాళ్ళే తయారు చేశారు. చూశారా, అసలు విమానం కూడా మనకి పెట్టెల్లో ముక్కలుగానే వచ్చింది! 1965 యుద్ధంలో పాకిస్తాన్ సేబర్ జెట్లని ఎదిరించి 'సేబర్ స్లేయర్' అని పేరు తెచ్చుకున్నది ఇదే. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద దాడిని ఒక్కడే ఎదుర్కొని వీరమరణం పొంది, మన వైమానిక దళానికి ఒకే ఒక్క పరమవీరచక్ర తెచ్చిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపినదీ నాటే.

అందుకని నాన్న విమానం కావాలంటే రెండు సీట్ల బొమ్మని కోసి ఒక సీటుది చేయాలి. ఒంటిసీటు నాట్ పెట్టె చెక్ దేశపు కంపెనీ ఒకటి తెచ్చింది, తెప్పించుకోవచ్చని మావారన్నారు. కానీ చేతిలో ఒక పెట్టె ఉండగా ఇంకోటి కొనడానికి నాకు చెయ్యి రాలేదు. పైగా కోయడంలో ఉన్న రుచి అప్పటికే తెలిసింది. కథ రాసేటప్పుడు కూడా నాకు రాయడం కన్నా కొట్టేయడమే ఇష్టం.

లెక్క ఇలా తేలింది. రెండు సీట్ల విమానం పొడవు 9.68 మీటర్లు, ఒంటిసీటుది 8.74. తేడాని 72తో భాగిస్తే 13 మిల్లీమీటర్లు. రెక్కల చివర నుంచి చివరకి తేడా సుమారు 8 మిల్లీమీటర్లు. వింటానికి ఇంతేగా అనిపిస్తుంది. కానీ మధ్యలో పదమూడు మిల్లీమీటర్లు తీసేస్తే ముందు ముక్క, వెనక ముక్క లావులో కలవవు. జాకెట్టు నడుము దగ్గర కత్తిరించి కలిపితే కుట్లు ఎలా తప్పుతాయో అలాగే. మెత్తటి మైనంలాంటి పుట్టీ నింపడం, ఆరనివ్వడం, నీళ్ళలో ముంచిన ఎమరీ కాగితంతో రుద్దడం, మళ్ళీ నింపడం. నాలుగుసార్లయింది. తోక రెక్క కూడా రెండు సీట్ల దానికి పెద్దది, దాన్నీ తగ్గించాలి. రెక్క వెనక అంచు సంగతి ఇంకా చిక్కు. శిక్షణ విమానానికి ఫ్లాప్‌లు వేరు, ఐలరాన్‌లు వేరు. ఫైటర్‌కి ఒకే జత రెండు పనులూ చేసేది. అందుకని బొమ్మ మీద చెక్కి ఉన్న గీతల్ని పూడ్చి, సూది మొనతో కొత్త గీతలు గీశాను. సూది జారకుండా ఇన్సులేషన్ టేపు అంటించి దాని అంచు వెంబడి గీయాలి.

నాన్న ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి, టీ గ్లాసు కూడా సగమే నింపి ఇస్తాం. కానీ కళ్ళు పనిచేస్తున్నాయి. "అక్కడ లావు", "ముక్కు ఇంకా పొట్టి", "చక్రాల తలుపులు అంత పల్చన కాదు, గాలికి అడ్డం పెట్టేవాళ్ళం" అనేవారు. నేను తెల్లబోతే వివరించారు. నాట్‌కి వేగం తగ్గించే ప్రత్యేకమైన బ్రేకు రేకులుండవట. గాల్లో చక్రాలని సగం దించితే ఆ తలుపులే బ్రేకులట. "చిన్న విమానం కదా, ఒక్కో సామానూ రెండు పనులు చేయాలి" అన్నారు. ఇంట్లో ఆడవాళ్ళలాగే అన్నమాట అన్నాను. నవ్వారు. నాన్న నవ్వి చాలా రోజులైంది.

తుపాకులు కూడా పెట్టెలో లేవు, శిక్షణ విమానానికి ఎందుకుంటాయి? గాలి లోపలికి పోయే మార్గాలకి ఇరువైపులా ఒక్కో 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉండాలి. ముప్ఫైని 72తో భాగిస్తే రంధ్రం అర మిల్లీమీటరు కూడా లేదు. వాడిపారేసే కొత్త ఇంజెక్షన్ సూది కొని, చివర కత్తిరిస్తే అచ్చంగా గొట్టంలా కుదిరింది.

అన్నిటికన్నా కష్టం పైలట్ మీది అద్దపు కప్పు. రెండు సీట్లదేమో పొడుగు, మనకి కావలసింది పొట్టిది. దాన్ని సొంతంగా పోత పోయాలి. ఎలాగో చెబుతాను, మీకెవరికైనా ఉపయోగపడవచ్చు. కప్పు ఆకారంలో చిన్న చెక్కముక్కని చెక్కి నున్నగా చేసుకోవాలి. ఒక అట్టలో ఆ ఆకారానికి కాస్త పెద్ద రంధ్రం చేసి, పల్చటి ప్లాస్టిక్ రేకుని దాని మీద బిగించి, పొయ్యి సెగకి ఎత్తుగా పట్టుకోవాలి. రేకు వడలి కిందికి కుంగడం మొదలవగానే చెక్క అచ్చు మీద గట్టిగా నొక్కాలి. అప్పడం కాల్చినంత సేపే. ఒక్క క్షణం ఎక్కువైతే ముడతలు పడతాయి. ఇది చేసేటప్పుడు కిటికీలన్నీ తెరవండి, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి. జిగురు విషయంలోనూ అదే జాగ్రత్త. ఇంకో మాట, ఈ కప్పుని సూపర్‌గ్లూతో అంటించకూడదు, ఆవిరికి తెల్లగా మసక పడుతుంది. ఆరితే పారదర్శకమయ్యే తెల్లజిగురు చాలు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు నా సమయం. భోజనాల బల్ల మీద పాత దినపత్రిక పరుచుకుని కూర్చునేదాన్ని. ఎదురింటావిడ చూసి "కథలు రాయడం మానేశారా?" అని అడిగింది, ఏదో జబ్బు చేసిందా అన్న ధోరణిలో. మా అత్తగారు మాత్రం మొదటి రోజు "ఖర్చెంతే?" అన్నారు. ఒక మోస్తరు కాటన్ చీర ధరండీ అన్నాను. "అయితే సరే, చీరయితే చిరుగుతుంది" అని వెళ్ళి పడుకున్నారు. విమానాలు ఆడవాళ్ళ సంగతి కాదనే వాళ్ళకి నేనొక పేరు చెబుతుంటాను. కాంకార్డ్ విమానం సన్నటి త్రికోణపు రెక్క వెనక యొహానా వెబర్ అనే గణితవేత్త ఉంది. 1910లో జర్మనీలో పుట్టి, యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధన కేంద్రంలో పనిచేసింది. 2014 దాకా జీవించింది. కాంకార్డ్ బొమ్మ పెట్టె కూడా దొరుకుతుంది, పెట్టె మీద ఆమె పేరు ఉండదు మరి.

రంగు దగ్గర నాన్న తడుముకోలేదు. "వెండి" అన్నారు. 1971 యుద్ధానికి ముందు మాట అది. వెండి రంగు ఏ చిన్న గీతనీ దాచదు, దాని కింద ప్లాస్టిక్ అద్దంలా ఉండాలి. టూత్‌పేస్టుతో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దాను. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ వలయాలు వేశాను. ఇక మిగిలింది విమానం నంబరు.

ఏ నంబరు వేయమంటావు నాన్నా అని అడిగాను. మాట్లాడలేదు. రెండు రోజులు ఆ బల్ల దగ్గరకే రాలేదు. మూడో రోజు పొద్దున్న పేపరు అంచున వణుకుతున్న అక్షరాలతో రాసి ఇచ్చారు. ఈ అని, పక్కన అంకెలు. ఇచ్చి, తనే చెప్పారు.

1970 చలికాలం. ఆయనకి ఇరవై. ఆ పూట ఆ విమానాన్ని తనిఖీ చేసి, ఫారం 700లో తన గడిలో సంతకం పెట్టింది ఆయనే. పైలట్‌కి బెల్టులు బిగించిందీ ఆయనే. ఆ కుర్రాడికి ఇంకో మూడు నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో. విమానం తిరిగి రాలేదు. విచారణ జరిగింది. నేలమీద చేసిన పనిలో లోపమేమీ లేదని తేల్చారు. నాన్న సంతకం పెట్టిన కాగితం కూడా అక్కడ చూపించారు. "తప్పు లేదన్నారు. లేదనే నాకూ తెలుసు. కానీ మిగతా వాళ్ళ విమానాలు ఒక్కొక్కటే దిగుతుంటే, నిలబెట్టే చోట చక్రాల కింద పెట్టే దిమ్మెలు పట్టుకుని చీకటి పడేదాకా నిలబడ్డాను" అన్నారు. అమ్మకి చెప్పలేదట. యాభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదట.

నాకు చెయ్యి ఆడలేదు. ఆ అంకెలు రోజూ కళ్ళముందుంటే ఆయనకి మంచిదేనా? మావారు వద్దన్నారు, డాక్టరుగారిని అడుగుదామన్నారు. అత్తగారు మాత్రం, "అడిగింది వెయ్యి. ఆ వయసువాళ్ళు ఊరికే అడగరు" అన్నారు. నేను అత్తగారి మాటే విన్నాను.

మూడు మిల్లీమీటర్లకి మించని అంకెలు. స్టిక్కరు కాగితం మీద జిరాక్స్ షాపు అబ్బాయి అచ్చు వేసి ఇచ్చాడు. దేనికండీ అనడిగితే మా నాన్నగారి విమానానికన్నాను. గోరువెచ్చటి నీళ్ళలో అర నిమిషం ముంచితే పొర కాగితం నుంచి జారుతుంది. కుంచెతో తోక కిందికి నడిపించి, నీటిబొట్టు అద్దేశాను.

చక్రాలు ముడిచి స్టాండు మీద ఎగురుతున్నట్టు పెడదామని మా అబ్బాయి కోరిక. నాన్న ఒప్పుకోలేదు. చక్రాలు దింపి నేలమీదే నిలబెట్టించారు, అద్దపు కప్పు తెరిపించారు. మర్నాడు చూద్దును కదా, చక్రాల ముందు రెండు చిన్న దిమ్మెలున్నాయి. అగ్గిపుల్ల విరిచి, పసుపురంగు అద్ది పెట్టారు. ఆ వణికే చేతులతో ఎప్పుడు చేశారో, ఎంతసేపు పట్టిందో నేనడగలేదు. మా అబ్బాయి మాత్రం పక్కన చేరి, ఇవెందుకు తాతయ్యా అంటే, పక్కన కుర్చీ లాక్కుని కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ హంటర్ పెట్టె ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు.