మీకు తెలుసా? మాల్‌లో గిరాకీ పెరిగితే అద్దె కూడా పెరుగుతుంది!

మన మాల్స్‌లో చాలా షాపులకు అద్దె నెలనెలా ఒకే మొత్తం కాదు. కనీస అద్దె, అమ్మకాల్లో వాటా: ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి.

కనీస అద్దె నెలకు 3 లక్షలు, వాటా 10 శాతం అనుకుందాం. అమ్మకాలు 30 లక్షలు దాటేవరకూ అద్దె 3 లక్షలే. దసరా నెలలో 40 లక్షలు అమ్మితే 4 లక్షలు కట్టాలి. గిరాకీ పడిపోయి 20 లక్షలే అమ్మినా 3 లక్షలు తప్పవు. మెయింటెనెన్స్ ఛార్జీలు మామూలుగా వీటికి అదనం.

అమ్మకాల లెక్కలోంచి జీఎస్టీని, కస్టమర్లు వాపసు ఇచ్చిన సరుకు విలువను సాధారణంగా తీసేస్తారు. షాపు బిల్లింగ్ వివరాలు మాల్ యాజమాన్యానికి చేరాలి, ఖాతాలు ఆడిట్ చేయించే హక్కు కూడా వారికి ఉంటుంది. 2020లో కరోనా దెబ్బకు చాలా మాల్స్ కొన్నాళ్లు కనీస అద్దె వదులుకుని వాటాతోనే సరిపెట్టుకున్నాయి.

సంతకం పెట్టేముందు ఒక్క విషయం తప్పక చూసుకోండి: షాపు నుంచి డెలివరీ అయ్యే ఆన్‌లైన్ ఆర్డర్లు కూడా ‘అమ్మకాల’ కిందికే వస్తాయా? ఈ ఒక్క మాట స్పష్టంగా రాయించుకుంటే తర్వాత తగాదా ఉండదు.