షూటింగ్ గేమ్‌లో మీ ప్రత్యర్థిని ఎవరు డిసైడ్ చేస్తారు? సరదా ప్లేయర్లకు, ప్రో ప్లేయర్లకు మధ్య తెగని తగువు

రాత్రి పదింటికి షాపు మూసి ఇంటికొచ్చిన ఒకాయన ఓ అరగంట కాల్ ఆఫ్ డ్యూటీ ఆడదామని కూర్చుంటాడు. సరిగ్గా అదే టైమ్‌కి, రోజుకు ఆరేడు గంటలు ఆ గేమ్ మీదే ఉండే కుర్రాడు కూడా స్టార్ట్ నొక్కుతాడు. ఈ ఇద్దరినీ ఒకే మ్యాచ్‌లో వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. షాపాయన గోడ చాటు నుంచి తల బయట పెట్టేలోపే పడిపోతాడు. పది నిమిషాల్లో ఇరవై సార్లు చస్తాడు. ఇలా రెండు మూడు రోజులు జరిగితే ఆ గేమ్ మళ్లీ తెరవడు.

పోనీ, ఇద్దరినీ వేర్వేరుగా పెడితే? అప్పుడు కుర్రాడికి కోపం. ప్రతి మ్యాచ్‌లో తనలాంటి వాళ్లే ఎదురవుతారు. ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు. "ఇంత కష్టపడి నేర్చుకుని ఏం లాభం?" అంటాడు.

ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లు తయారు చేసే కంపెనీలు ఇరవై ఏళ్లుగా తల పట్టుకుంటున్న సమస్య ఇదే. దీన్ని పరిష్కరించాల్సిన సిస్టమ్ పేరు మ్యాచ్‌మేకింగ్. అది ఎలా పని చేస్తుంది? దాని మీద ఇంత గొడవ ఎందుకు?

గల్లీ క్రికెట్ నుంచి కంప్యూటర్ దాకా

గల్లీ క్రికెట్‌లో ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కరిని పిలుచుకుంటారు. ఎవరు ఎలా ఆడతారో అందరికీ తెలుసు కాబట్టి టీమ్‌లు దాదాపు సమానంగా వస్తాయి. ఇంటర్నెట్ కేఫ్‌లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల్లోనూ అంతే. ప్రత్యర్థి పక్క సిస్టమ్ మీదే కూర్చుని ఉండేవాడు.

ఆట ఇంటర్నెట్‌లోకి వెళ్లాక ఎదుటివాడు ఎవరో తెలియకుండా పోయింది. మొదట్లో ప్లేయర్లే లిస్ట్ చూసి సర్వర్ ఎంచుకునేవాళ్లు. 2004లో ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన హేలో 2 ఈ పద్ధతిని మార్చింది. ప్లేయర్ ఏ రకం ఆట కావాలో చెబితే చాలు, ప్రత్యర్థులను సిస్టమే వెతికి పెట్టేది. తర్వాత వచ్చిన గేమ్‌లన్నీ దాదాపు ఇదే దారి పట్టాయి. అంటే గల్లీ కెప్టెన్ చేసే పని ఇప్పుడు కంప్యూటర్ చేస్తోంది.

స్కిల్‌ను ఎలా కొలుస్తారు?

దీని మూలం చెస్‌లో ఉంది. అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారు చేసిన రేటింగ్ పద్ధతిని అమెరికా చెస్ ఫెడరేషన్ 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో 2800 దాటాడని వార్తల్లో వచ్చింది కదా, ఆ అంకె ఈ లెక్కదే.

లెక్క చాలా సింపుల్. ఇద్దరి రేటింగ్ సమానమైతే గెలుపు అవకాశం చెరి సగం. 200 పాయింట్ల తేడా ఉంటే పెద్ద రేటింగ్ ఉన్నవాడి వైపు 76 శాతం. 400 తేడా ఉంటే 91 శాతం. ఇక చిన్నవాడు పెద్దవాడిని ఓడిస్తే చాలా పాయింట్లు వస్తాయి. పెద్దవాడు చిన్నవాడిని ఓడిస్తే వచ్చేది నామమాత్రమే.

కానీ చెస్‌లో ఆడేది ఇద్దరే. షూటర్‌లో టీమ్‌లు ఉంటాయి, కొత్తవాళ్లు రోజూ వస్తుంటారు. అందుకే మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఎక్స్‌బాక్స్ కోసం ట్రూస్కిల్ అనే పద్ధతి తయారు చేసింది. ఇందులో ప్రతి ప్లేయర్‌కు రెండు అంకెలు. ఒకటి స్కిల్ అంచనా, రెండోది ఆ అంచనా మీద ఎంత అనుమానం ఉందో చెప్పే అంకె. కొత్త ప్లేయర్ విషయంలో అనుమానం ఎక్కువ కాబట్టి మొదటి కొన్ని మ్యాచ్‌లలో అంచనా గబగబా మారుతుంది. ఆడేకొద్దీ స్థిరపడుతుంది.

వాలరెంట్ లాంటి గేమ్‌లలో పైకి కనిపించే ర్యాంక్ వేరు, లోపల దాచి ఉంచే రేటింగ్ వేరు. మ్యాచ్ కలిపేటప్పుడు సిస్టమ్ చూసేది లోపలి రేటింగ్‌నే.

మూడూ ఒకేసారి దొరకవు

మంచి మ్యాచ్‌కు మూడు కావాలి. పింగ్ తక్కువ ఉండాలి. అంటే ఫోన్ నుంచో పీసీ నుంచో సర్వర్‌కు సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే టైమ్ తక్కువ ఉండాలి. ఎక్కువసేపు వెయిట్ చేయకుండా మ్యాచ్ దొరకాలి. స్కిల్ సమానంగా ఉండాలి. ఒకటి గట్టిగా పట్టుకుంటే మిగతావి జారిపోతాయి.

ఓ ఊహా లెక్క చూద్దాం. రాత్రి తొమ్మిదికి ఒక ప్రాంతంలో 12,000 మంది ఆన్‌లైన్‌లో ఉన్నారనుకుందాం. ఆరు రకాల మోడ్‌లు ఉంటే ఒక్కో మోడ్‌లో 2,000 మంది. మ్యాచ్ పది నిమిషాలు నడిస్తే, నిమిషానికి 200 మంది కొత్త మ్యాచ్ కోసం వస్తారు. వాళ్లను స్కిల్ ప్రకారం పది గ్రూపులు చేస్తే ఒక్కో గ్రూపులో నిమిషానికి 20 మంది. ఆరుగురు చొప్పున రెండు టీమ్‌లకు 12 మంది చాలు. 36 సెకన్లలో మ్యాచ్ రెడీ.

అదే తెల్లవారుజామున మూడింటికి 1,200 మందే ఉంటే? ఒక్కో గ్రూపులో నిమిషానికి ఇద్దరు. మ్యాచ్ దొరకడానికి ఆరు నిమిషాలు. అంతసేపు ఎవరు కూర్చుంటారు?

ఇంకో విషయం. టాప్ ఒక్క శాతం ప్లేయర్లకు రాత్రి తొమ్మిదైనా ఇదే పరిస్థితి. 200 మందిలో ఒక శాతం అంటే ఇద్దరే. అందుకే సిస్టమ్ వెయిటింగ్ పెరిగేకొద్దీ పట్టు వదులుతుంది. ముందు స్కిల్ తేడాను ఒప్పుకుంటుంది, తర్వాత దూరంగా ఉన్న సర్వర్ వైపు చూస్తుంది. దమ్మామ్‌లో ఉన్న అన్న, నిజామాబాద్‌లో ఉన్న తమ్ముడు ఒకే టీమ్‌లో ఆడాలంటే ఇబ్బంది ఇక్కడే వస్తుంది. సర్వర్ ఒకరికి దగ్గరైతే ఇంకొకరికి దూరం. పైగా అన్న కొత్త, తమ్ముడు ప్రో అయితే, ఏ స్థాయి ప్రత్యర్థులను తేవాలి? తమ్ముడి స్థాయి వాళ్లొస్తే అన్న నలిగిపోతాడు. అన్న స్థాయి వాళ్లొస్తే తమ్ముడు వాళ్లను ఊచకోత కోస్తాడు.

ఒకరి జమ, ఇంకొకరి ఖర్చు

షూటర్ గేమ్‌లో ప్రతి కిల్‌కు అవతల ఒక డెత్ ఉంటుంది. పక్కాగా లెడ్జర్ లాగానే. మ్యాచ్‌లో మొత్తం 90 కిల్స్ పడితే ఆ 90 డెత్‌లు కూడా ఎవరో ఒకరి ఖాతాలో రాసి ఉంటాయి. అందరూ ఒక చావుకు రెండు కిల్స్ కొట్టడం కుదరదు. ఒకడు మూడు కొడుతున్నాడంటే మిగతావాళ్లు ఒకటి కన్నా కిందికి వెళ్లినట్టే.

"స్కిల్ చూడటం మానేయండి, ఎవరు దొరికితే వాళ్లతో కలపండి" అనేవాళ్లు మర్చిపోయే లెక్క ఇదే. ప్రో ప్లేయర్ రిలాక్స్‌గా ఆడే ప్రతి మ్యాచ్‌లో ఆ రిలాక్సేషన్ ఖర్చు ఎవరో కొత్తవాళ్లు కడుతుంటారు.

ప్రో ప్లేయర్ల బాధ కూడా నిజమే

అలాగని వాళ్ల ఫిర్యాదులు ఉత్తవి కావు. నేర్చుకునేకొద్దీ ప్రత్యర్థి కూడా పెరుగుతుంటే, తాను ఎదిగినట్టు స్కోర్‌లో ఎక్కడా కనిపించదు. చెస్‌లో రేటింగ్ కళ్లెదుట ఉంటుంది. క్యాజువల్ మోడ్‌లలో స్కిల్ చూస్తూ కూడా ఆ నంబర్‌ను దాచిపెడతారు. కొత్త తుపాకీ ట్రై చేద్దామన్నా, తమ్ముళ్లతో నవ్వుకుంటూ ఆడదామన్నా ఓటమి ఖాయం. పైగా తన స్థాయి వాళ్లు తక్కువ కాబట్టి పింగ్, వెయిటింగ్ రెండూ ఎక్కువే.

మ్యాచ్ అయిపోగానే లాబీని చెదరగొట్టి కొత్తవాళ్లతో కలపడం ఇంకో ఫిర్యాదు. ఒకప్పుడు అదే గ్రూపుతో వరుసగా నాలుగైదు మ్యాచ్‌లు ఆడేవాళ్లు. మాటలు కలిసేవి, పగ తీర్చుకునే ఛాన్స్ ఉండేది.

కాల్ ఆఫ్ డ్యూటీ చేసిన ప్రయోగం

ఏళ్ల తరబడి తిట్లు తిన్న తర్వాత, కాల్ ఆఫ్ డ్యూటీ కంపెనీ యాక్టివిజన్ 2024లో నోరు విప్పింది. అన్నిటికన్నా ముందు చూసేది పింగేనని, స్కిల్ కూడా ఒక అంశమేనని జనవరిలో చెప్పింది. జులైలో వివరమైన పత్రం విడుదల చేసింది. స్కిల్ లెక్క 2007లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ కాలం నుంచీ ఉందని ఒప్పుకుంది.

అందులో ఆసక్తికరమైనది ఒక ప్రయోగం. ఉత్తర అమెరికాలో మోడర్న్ వార్‌ఫేర్ 3 ప్లేయర్లలో ఒక భాగానికి, వాళ్లకు చెప్పకుండానే, స్కిల్ ప్రాధాన్యం తగ్గించారు. ఫలితం? బాగా ఆడే టాప్ 10 శాతం మంది ఎక్కువగా తిరిగొచ్చారు. మిగతా 90 శాతం మంది రావడం తగ్గింది. మ్యాచ్ మధ్యలో వదిలేసి పోయేవాళ్లు పెరిగారు.

కంపెనీ వాదన వ్యాపార భాషలో ఇలా ఉంటుంది: కింది వాళ్లు వెళ్లిపోతే, వాళ్ల పైవాళ్లు కింది వరుసలోకి వస్తారు. ఇప్పుడు దెబ్బలు తినేది వీళ్లు. కొన్నాళ్లకు వీళ్లూ వెళ్తారు. చివరికి ప్రోలకే ఆడటానికి జనం ఉండరు. అంటే సరదా ప్లేయర్‌ను కాపాడితే ప్రో ప్లేయర్‌ను కూడా కాపాడినట్టే.

అయితే ఇది కంపెనీ సొంత డేటా, సొంత ముగింపు అన్నది గుర్తుంచుకోవాలి.

స్కిల్ లేకుండా నడిపిన గేమ్ ఏమైంది?

యూబీసాఫ్ట్ 2024 మే 21న ఎక్స్‌డిఫయంట్ అనే ఫ్రీ షూటర్ తెచ్చింది. మామూలు మోడ్‌లలో స్కిల్ చూసి కలపబోమని గట్టిగా ప్రచారం చేసుకుంది. కాకపోతే కొత్తవాళ్ల కోసం 25వ లెవెల్ దాకా ప్రత్యేక మోడ్ పెట్టింది. అంటే వాళ్లకు కూడా తెలుసు, కొత్తవాళ్లను నేరుగా తోడేళ్ల మధ్య వదలకూడదని. ఆ గేమ్ 2025 జూన్‌లో మూతపడింది. దానికి ఇదొక్కటే కారణం అనలేం. కానీ ప్రోలు అడిగింది ఇచ్చినంత మాత్రాన గేమ్ నిలబడదని మాత్రం తేలింది.

మరోవైపు కాల్ ఆఫ్ డ్యూటీయే 2025 నవంబర్‌లో వచ్చిన బ్లాక్ ఆప్స్ 7లో దారి మార్చింది. బీటాలో స్పందన చూసి, స్కిల్‌ను బాగా తగ్గించిన ఓపెన్ మ్యాచ్‌మేకింగ్‌ను మామూలు మోడ్‌లకు తెస్తామని, లాబీలు చెదరకుండా చూస్తామని ప్రకటించింది. పాత పద్ధతి కావాలనుకునే వాళ్లకు వేరే మోడ్ ఉంచింది. పత్రం ఒకటి చెప్పింది, మార్కెట్ ఇంకోటి చెప్పింది. తగువు ఇంకా తెగలేదు.

బాట్‌లు, స్మర్ఫ్‌లు

కొత్తవాళ్లను నిలుపుకోవడానికి ఇంకో ఉపాయం బాట్‌లు, అంటే మనుషుల్లా ఆడే కంప్యూటర్ బొమ్మలు. ఫోర్ట్‌నైట్ 2019లో వీటిని తెచ్చింది. పబ్‌జీ మొబైల్ ఆడిన మనవాళ్లకు వీటి సంగతి బాగా తెలుసు. బ్రాంజ్, సిల్వర్‌లో ఉన్నప్పుడు కళ్ల ముందే అటూ ఇటూ తిరుగుతూ గురి తప్పి కాల్చేవాళ్లలో చాలామంది బాట్‌లే. మొదటి చికెన్ డిన్నర్‌లో వాటి వాటా ఎక్కువే! ఓడిపోయినా బాట్ గేమ్ వదిలి వెళ్లదు. డెత్‌లన్నీ దాని ఖాతాలో రాసుకోవచ్చు. కానీ అది బాట్ అని తెలిశాక గెలుపులో మజా పోతుంది.

ఇక స్మర్ఫ్ అంటే ప్రో ప్లేయర్ కొత్త అకౌంట్ తెరిచి కొత్తవాడిలా నటించడం. సిస్టమ్‌కు ఇది పెద్ద తలనొప్పి. వాలరెంట్‌లో ర్యాంక్ మ్యాచ్‌లు ఆడాలంటే ముందు అకౌంట్ 20వ లెవెల్‌కు చేరాలన్న రూల్ ఇందుకు కూడా పనికొస్తుంది. పైకి ఎక్కిన అకౌంట్‌లను కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. అది రూల్స్‌కు విరుద్ధం, డబ్బులు పోయే ప్రమాదం కూడా ఉంది. పైగా కొన్నవాడు తన స్థాయి కాని మ్యాచ్‌లలో పడి రోజూ ఓడిపోతాడు.

అసలు సమస్య నమ్మకం

2017లో యాక్టివిజన్‌కు ఒక పేటెంట్ వచ్చింది. ప్లేయర్లు గేమ్‌లో వస్తువులు కొనేలా ప్రోత్సహించేందుకు మ్యాచ్‌మేకింగ్‌ను వాడే ఆలోచన అందులో ఉంది. దాన్ని ఏ గేమ్‌లోనూ వాడలేదని కంపెనీ చెప్పింది. అయినా అనుమానం పోలేదు. "నన్ను కావాలని ఓడిస్తున్నారా?" అని ఓడిన ప్రతివాడూ అడుగుతున్నాడు.

గల్లీ కెప్టెన్ మీద ఇలాంటి అనుమానం రాదు. ఎందుకంటే అతను అందరి ముందే పిలుస్తాడు. కంప్యూటర్ చాటున పిలుస్తోంది. పోటీ కావాలనుకునే వాళ్లకు ర్యాంక్ కనిపించే మోడ్, సరదాకు వచ్చినవాళ్లకు వేరే మోడ్, కొత్తవాళ్లకు కొన్నాళ్లు రక్షణ, ఏ మోడ్‌లో ఏం చూస్తారో బహిరంగంగా చెప్పడం. ఇవి చేస్తే గొడవ పూర్తిగా పోదు కానీ సగం తగ్గుతుంది.

వరుసగా ఓడుతున్న షాపాయన ముందు తన పింగ్ చూసుకోవాలి, ర్యాంక్ మోడ్‌లో ఉన్నాడేమో చూసుకోవాలి. సగం మ్యాచ్‌లు గెలుస్తుంటే సిస్టమ్ తనను సరైన చోటే ఉంచినట్టు లెక్క. ఇక రోజంతా ఆడే కుర్రాడు ఆలోచించాల్సింది ఒకటే. ఆ షాపాయన రేపు రాత్రి కూడా స్టార్ట్ నొక్కితేనే తనకు ఆట ఉంటుంది.