రాధ మనకు తెలిసిన రాధేనా?
పాత పాత్ర, కొత్త కథ, చదువరుల తగవు

మనకు బాగా ఇష్టమైన పాత్రను మరొకరు తీసుకొని తమ కథలో పెట్టుకుంటే మన మనసు రెండు విధాలుగా పోతుంది. తెలిసిన మనిషి మళ్లీ కనబడినందుకు సంతోషం. ఆ మనిషి మనకు తెలిసినట్టు లేనందుకు కినుక. ఒక రచన మీది అభిమానంతో చదువరులు అందులోని పాత్రలకు తామే కొత్త కథలు అల్లుకుంటే దాన్ని ఇంగ్లీషువారు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. పేరు కొత్తదే గాని పని మనకు కొత్త కాదు. గురజాడ సృష్టించిన మధురవాణిని పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'మధురవాణి ఇంటర్వ్యూలు'లో గతించిన సాహితీవేత్తలతో మాట్లాడించారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త' కథల్లో సీత అడవిలో శూర్పణఖను కలుసుకుంటుంది. ఇంకా వెనక్కి వెళితే మన ప్రబంధకవులు చేసిన పని కూడా దీనికి ఎంతో దూరంలో లేదు.

ఇలాంటి పుస్తకం చదువుకునే బృందంలో తగవు రాక తప్పదు. ఒకరికి ప్రాణమైన పుస్తకం మరొకరికి అపచారంగా తోస్తుంది. బెంగుళూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పదిమంది తెలుగు విద్యార్థులు కూర్చుని చదువుకుంటున్నప్పుడు ఆ తగవు ఎలా నడుస్తుందో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాదించుకునే ఇద్దరూ ఒకే విషయం మీద వాదించుకోవడం లేదు. ఒకరు పాత్ర గురించి మాట్లాడుతుంటారు, మరొకరు పుస్తకం గురించి, ఇంకొకరు ఆ పుస్తకం రాసిన మనిషి గురించి. మూడూ కలిసిపోతే తగవుకు తుది ఉండదు. దీనికి మన సాహిత్యచరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. అది తెలుగునాట కాక తంజావూరు, మైసూరు, మద్రాసు ప్రాంతాల మధ్య నడిచింది కనుక మన పాఠకులకు మరింత దగ్గరిది. అదే 'రాధికాసాంత్వనము' కథ.

తంజావూరును ఏలిన మరాఠా రాజు ప్రతాపసింహుని కాలం 1739 నుంచి 1763 వరకు. ఆ ఆస్థానంలోని కళావంతురాలు, తంజనాయకి మనుమరాలు ముద్దుపళని. సంగీతం, నాట్యం, సంస్కృతం, తెలుగు బాగా నేర్చిన మనిషి. జయదేవుని అష్టపదులను, ఆండాళ్ తిరుప్పావైని తెలుగులోకి తెచ్చిందని చరిత్రకారులు చెబుతారు. అంటే ఆమె కవయిత్రి కావడానికి ముందు శ్రద్ధగల చదువరి అన్నమాట. జయదేవుడు అలిగిన రాధను, బతిమాలే కృష్ణుణ్ణి చూపించాడు. ముద్దుపళని ఆ ఇద్దరినే తీసుకొని నాలుగు ఆశ్వాసాల శృంగార ప్రబంధం రాసింది. కాని కథను తనకు నచ్చిన చోటికి మళ్లించింది.

ఆమె కథలో రాధ లేతవయసు పిల్ల కాదు, జీవితం తెలిసిన ప్రౌఢ. ఇళ అనే అమ్మాయిని చిన్నప్పటి నుంచి పెంచి పెద్దచేసి, స్వయంగా కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. కొత్త పెళ్లికూతురికి బుద్ధులు చెబుతుంది, కృష్ణునికి జాగ్రత్తలు చెబుతుంది. ఇద్దరినీ ఒకటి చేసిన తరువాత తాను ఒంటరిదై కుమిలిపోతుంది. తాను చేసిన పెళ్లే తనను కాలుస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి? కృష్ణుడు ఇళతో ఉండిపోయి తనను మరిచాడని మండిపడుతుంది. చివరకు కృష్ణుడే వచ్చి ఆమెను ఊరడించాలి. పేరులోని సాంత్వనం అదే. మా దృష్టిలో ఈ కావ్యానికి ప్రాణం శృంగారవర్ణనల కంటె ఈ ఇరకాటంలోనే ఉంది. వర్ణనలు ఆ కాలపు దక్షిణాంధ్ర ప్రబంధాల బాటలోనే పోతాయి. కొన్నిచోట్ల ఒకదాన్ని చదివితే మరొకటి చదివినట్టే ఉంటుంది. రాధ మనస్సు మాత్రం అలాంటిది కాదు.

ఇక్కడ మొదటి రకం అభ్యంతరం వస్తుంది. 'కృష్ణుని కథలో ఈ ఇళ ఎక్కడిది? రాధ ఇలాంటిదా?' అని. ఈ ప్రశ్న అడిగేవారు మూలంలో ఏముందో ఒకసారి చూడాలి. వ్యాసభాగవతంలోనే రాధ పేరు కనబడదు. పన్నెండవ శతాబ్దిలో జయదేవుని గీతగోవిందంతో ఆమె దేశమంతటికీ తెలిసిన నాయిక అయింది. అంటే మనం 'అసలు రాధ' అనుకుంటున్న మనిషి కూడా కవులూ భక్తులూ తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన మనిషే. ఒడిశాలో గీతగోవిందం వింటూ పెరిగిన విద్యార్థికి ఒక రాధ తెలుసు, కూచిపూడి వారి భామాకలాపం చూస్తూ పెరిగిన విద్యార్థికి అలిగే నాయిక అనగానే సత్యభామ గుర్తొస్తుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడు సత్యభామ కాళ్ల మీద పడి ఆమె ఎడమకాలి తాపు తిన్నాడు. తెలుగు పాఠకులు దానికి ముచ్చటపడ్డారే గాని కృష్ణునికి అవమానం జరిగిందని పుస్తకం మూసెయ్యలేదు. కనుక 'ఆ పాత్ర అలాంటిది కాదు' అనే మాటకు అర్థం చాలాసార్లు 'నేను ముందు చదివిన పుస్తకంలో ఆ పాత్ర అలా లేదు' అని మాత్రమే. అది తప్పుమాట కాదు, ఆ చదువరి ప్రేమకు గుర్తు. అయితే అది కొత్త పుస్తకం మీద తీర్పు కూడా కాదు.

రాధికాసాంత్వనము మీద అసలు రగడ ముద్దుపళని కాలంలో కాదు, ఆమె పోయిన నూరేళ్లకు పైబడి మొదలైంది. కందుకూరి వీరేశలింగం పంతులు తమ ఆంధ్రకవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, కావ్యంలోని అనేక పద్యాలు స్త్రీలు వినదగనివని, స్త్రీ నోట రాదగనివని రాశారు. ఆమె నడవడిని కూడా ఆక్షేపించారు. పంతులుగారు ఎవరో మనకు తెలుసు. వితంతు వివాహాల కోసం వెలి భరించిన మనిషి, ఆడపిల్లల చదువు కోసం బడి పెట్టిన మనిషి. భోగంమేళాల మీద ఆయన చేసిన పోరాటం ఆయన సంస్కరణలో భాగం. అందువల్ల ఆయన మాటను ఛాందసుని మాటగా తోసెయ్యడం న్యాయం కాదు. ఆడవాళ్ల మేలు కోరినవాడే ఒక ఆడమనిషి రాసిన పుస్తకాన్ని ఆడవాళ్లు చదవరాదన్నాడు. ఈ వివాదంలోని చిక్కంతా ఇదే.

ఆ మాటకు ఎదురు నిలిచినవారు బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సీమలో పుట్టి, సంగీతవిదుషిగా మద్రాసులో పేరు తెచ్చుకొన్నవారు. తరువాతి కాలంలో తిరువయ్యారులో త్యాగరాజు సమాధిమందిరాన్ని కట్టించినవారు. 1887లో పైడిపాటి వెంకటనరుసు ప్రకటించిన రాధికాసాంత్వనము అచ్చుప్రతిని ఆమె చదివారు. తరువాత ఒక వ్రాతప్రతి సంపాదించి పోల్చి చూస్తే అచ్చులో కొన్ని భాగాలు లేవని తేలింది. అప్పుడు తామే పాఠం పరిష్కరించి, పీఠిక రాసి, 1910లో మద్రాసు వావిళ్లవారి ద్వారా ప్రకటించారు. అంటే అంతవరకు ఈ పుస్తకం మీద మంచీ చెడూ చెప్పినవారిలో ఆ అచ్చుప్రతి ఒక్కటే చూసినవారు పూర్తి పుస్తకం చదవకుండానే చెప్పారన్నమాట.

ఆ పీఠికలో ఆమె వాదం రెండు పాయలుగా నడుస్తుంది. ఒకటి ప్రతివాదం. సిగ్గూ సభ్యతా ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కరలేదా అని అడిగారు. శృంగారం పచ్చిగా ఉందంటే, పంతులుగారు స్వయంగా పరిశీలించి ప్రకటనకు ఒప్పుకొన్న 'వైజయంతీవిలాసము'లో అంతకు తక్కువ ఉందా అని నిలదీశారు. సారంగు తమ్మయ రాసిన ఆ కావ్యం విప్రనారాయణుని కథ. అదీ ఒక పాతకథను కవి తన ఇష్టం వచ్చినట్టు చెప్పుకున్నదే. ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. కొలబద్ద ఒక్కటి కాదని అది రుజువు చేసింది. అయినా బృందాల్లో చదువుకునే మన విద్యార్థులు ఒకటి గమనించాలి. 'మీరు మెచ్చిన పుస్తకంలోనూ ఇదే ఉంది' అనే వాదం ఎదుటివారి పక్షపాతాన్ని చూపిస్తుందే గాని, మన పుస్తకం మంచిదని చూపించదు. ఇలాంటి వాదంతో గెలిచినవారు పుస్తకం తెరవకుండానే గెలవగలరు.

రెండో పాయ మాకు ఎక్కువ విలువైనదిగా కనబడుతుంది. ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనిపించేంత రసం ఇందులో ఉందని నాగరత్నమ్మ చెప్పుకొన్నారు. ఇది స్త్రీ రాసినది, అందులోనూ తమ కులంలో పుట్టిన స్త్రీ రాసినది కనుక సరైన రూపంలో వెలుగులోకి తేవలసిన బాధ్యత తమదని చెప్పారు. ఇక్కడ ఆమె దాపరికం లేకుండా తన అభిమానాన్ని ఒప్పుకొన్నారు. నిష్పాక్షికురాలినని నటించలేదు. నటించకుండానే పాఠం కోసం వెతికారు, ప్రతులు పోల్చారు, లోపాలు పూరించారు. అభిమానం, పరిశ్రమ ఒకదానికొకటి అడ్డం కాలేదు.

కాని ఎదుటిపక్షం పుస్తకంతో వాదించడం మానేసింది. ఒక వేశ్య రాసిన పుస్తకాన్ని మరొక వేశ్య అచ్చువేసిందన్న తీరులో పత్రికలో విమర్శ వచ్చింది. మూడో రకం తగవు ఇదే. రాధ ఎవరన్నది పోయి, రాసిందెవరు, మెచ్చిందెవరు అన్నది మిగిలింది. తరువాతి మెట్టు ప్రభుత్వం. గోటేటి కనకరాజు పంతులు అనే ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమని తోచిన పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చాడు. ఒక్కసారి ఆలోచించండి: కావ్యంలోంచి ఏరిన పద్యాలు, ఛందస్సు పోయి, సందర్భం పోయి, పరాయిభాషలో, ఒక పోలీసు అధికారి బల్ల మీదికి చేరాయి. అలా ఏరితే మన పంచకావ్యాల్లో ఎన్ని నిలుస్తాయో చెప్పడం కష్టం. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకొన్నారు. పండితులు విన్నపాలు పెట్టుకొన్నా నిషేధం ఆగలేదు. ఆ నిషేధం తొలగింది 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో. వావిళ్లవారు 1952లో మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ కన్నుమూసినదీ ఆ ఏడే.

ఈ మధ్యకాలంలో పోయినది ఒక్క పుస్తకం కాదు. తంజావూరు, మధుర ఆస్థానాల్లో పుట్టిన తెలుగు సాహిత్యానికి చరిత్రకారులు 'క్షీణయుగం' అనే పేరు పెట్టారు. మధురలో సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు అహల్య కథను ఇంద్రుని ప్రేయసి కథగా మార్చి రాసిన 'అహల్యాసంక్రందనము', శేషము వేంకటపతి తారాచంద్రుల మీద రాసిన 'శశాంకవిజయము' కూడా ఆ పేరు కింద పడ్డాయి. వీటిలో బలహీనమైన రచనలు లేవని మేము అనడం లేదు. శశాంకవిజయాన్ని చదివి విసుగు పుట్టిందని ఒక విద్యార్థి చెబితే మాకు అభ్యంతరం లేదు, ఏ ఆశ్వాసంలో పుట్టిందో చెబితే చాలు. కాని చదవకుండానే ఒక యుగానికి యుగాన్ని క్షీణమనడం వల్ల, తమిళనాట పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు తమ ఊళ్లలోనే పుట్టిన కావ్యాల పేర్లు కూడా వినకుండా డిగ్రీలు పుచ్చుకొంటున్నారు.

బృందంగా చదివేవారికి పై కథలోంచి ఒక పద్ధతి దొరుకుతుంది. తగవు మొదలవగానే ముందుగా ఎవరి చేతిలో ఏ ప్రతి ఉందో చూసుకోవాలి. ఇది చిన్నమాటగా కనబడుతుంది గాని సగం తగవులు ఇక్కడే తీరుతాయి. కన్యాశుల్కం తీసుకోండి. 1897 నాటి మొదటి కూర్పు వేరు, 1909 నాటి రెండో కూర్పు వేరు. గురజాడ తన నాటకాన్ని తానే బాగా పెంచి, మార్చి రాశారు. 'మధురవాణి అలా మాట్లాడదు' అనేవారు ఏ మధురవాణిని దృష్టిలో పెట్టుకొన్నారో చెప్పాలి. ఆ తరువాత అభ్యంతరం ఉన్న పద్యాన్నో పుటనో పైకి చదవాలి, ముందూ వెనుకా కలిపి చదవాలి. రాసినవారి కులం, వృత్తి, నడవడి గురించి మాట రాగానే చర్చ పుస్తకం వదిలి వెళ్లిందని గుర్తించి మళ్లీ పుట దగ్గరికి రావాలి. ఇన్ని చేసినా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరకపోవచ్చు. విశ్వనాథ రామాయణ కల్పవృక్షాన్నీ రంగనాయకమ్మ రామాయణ విషవృక్షాన్నీ చదివి ఏకాభిప్రాయానికి వచ్చిన బృందాన్ని మేము చూడలేదు, చూడాలన్న కోరికా లేదు.

రాధికాసాంత్వనాన్ని చదవదలచిన విద్యార్థులు మొదట రాధ ఇళకు బుద్ధులు చెప్పే ఘట్టం, తరువాత ఆమె ఒంటరిగా కుమిలే ఘట్టం పక్కపక్కన పెట్టుకొని చదివితే మంచిది. అర్థం తెలియని మాటలు చాలా తగులుతాయి. శబ్దరత్నాకరం దగ్గర పెట్టుకోండి. తంజావూరు చుట్టుపక్కల ఉన్నవారికి మరో వసతి ఉంది. అక్కడి సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. ఆకు మీది తెలుగు లిపి మొదట రెండు మూడు రోజులు తికమక పెడుతుంది. తరువాత అలవాటవుతుంది.